మైదానం ఎవరికి, ఎన్నాళ్లు, ఏ షరతు మీద?

సంపాదకులు గారికి నమస్కారం.

విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఊరి మధ్య ఖాళీ జాగా కరువైపోయింది. మిగిలిన కొద్దిపాటి మైదానాల మీదే అందరి కళ్లూ ఉన్నాయి. తెల్లవారుజామున నడకకు వచ్చే పెద్దలు, పోలీసు, సైనిక ఎంపికలకు పరుగు సాధన చేసే కుర్రాళ్లు, సాయంత్రం బ్యాటు పట్టుకొచ్చే పిల్లలు ఎవరికీ దరఖాస్తు పెట్టరు. దరఖాస్తు పెట్టేది బహిరంగ సభ జరుపుకునేవాళ్లు, ఎగ్జిబిషన్ వేసేవాళ్లు, టపాసుల దుకాణదారులు, ఉత్సవ కమిటీలు, టోర్నమెంటు నిర్వాహకులు. అడిగినవాళ్ల అవసరం ఫైల్లోకి ఎక్కుతుంది, అడగనివాళ్లది ఎక్కదు. నిర్ణయం తీసుకునే అధికారి బల్ల మీదికి వచ్చేసరికి సగం విషయమే ఉంటుంది.

ఫలానా సభను ఆపండి, ఫలానా ప్రదర్శన వద్దు అని ఈ ఉత్తరం రాయడం లేదు. ఊరు అన్నాక సభ ఉండాలి, జాతర ఉండాలి, ఎగ్జిబిషనూ ఉండాలి. మైదానం ఇచ్చేముందు అది ఎంతమందిని మోయగలదో లెక్క కట్టి, ఆ లెక్క మీద, చాలినంత ముందుగా, కారణాలు రాసి నిర్ణయం చెప్పాలన్నదే మా కోరిక. ప్రస్తుతం చాలా పట్టణాల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది. అడిగింది ఎవరో ముందు చూస్తారు, మైదానం సంగతి చివర్లో వస్తుంది.

అసలు చిక్కు తేదీల్లో ఉంది. కార్యక్రమం వారంలో ఉందనగా దరఖాస్తు వస్తుంది. ఇన్వార్డు నంబరు పడి రెవెన్యూ విభాగానికి, అక్కడి నుంచి ఇంజినీరింగుకు, టౌన్ ప్లానింగుకు వెళుతుంది. పోలీసు స్టేషన్‌కి వెళితే మునిసిపల్ అనుమతి తెమ్మంటారు. మునిసిపాలిటీకి వెళితే పోలీసుల నిరభ్యంతర పత్రం అడుగుతారు. అగ్నిమాపక శాఖ వారు రెండూ ఉంటేనే చూస్తామంటారు. విద్యుత్ కనెక్షన్ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈలోగా కరపత్రాలు అచ్చవుతాయి, పందిరి మేస్త్రి గుంజలు దింపేస్తాడు. ఇక రెండు రోజులే ఉందనగా ఫైలు కమిషనర్ దగ్గరికి చేరితే ఆయన చేతిలో మిగిలేవి రెండే దారులు: కళ్లు మూసుకుని సంతకం పెట్టడం, లేదంటే చివరి నిమిషంలో కాదని కోర్టు మెట్లెక్కించడం. షరతులు పెట్టే వ్యవధి గానీ, తేదీ మార్చే వ్యవధి గానీ ఉండవు.

కాబట్టి గడువులు ముందు తేల్చాలి. వెయ్యి మందికి మించిన కార్యక్రమానికి 30 రోజుల ముందు, అంతకు తక్కువైతే 15 రోజుల ముందు దరఖాస్తు చేరాలి. నెలకు రెండుసార్లు, ముందే ప్రకటించిన రోజున, మునిసిపల్ ఇంజినీరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, ట్రాఫిక్ ఎస్సై, అగ్నిమాపక అధికారి, విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ఒకే గదిలో కూర్చుని ఆ పక్షం దరఖాస్తులన్నీ చూడాలి. దరఖాస్తుదారుణ్ణి కూడా పిలవాలి. అయిదు బల్లల దగ్గర పది రోజులు తిరిగే పని అరపూటలో తేలుతుంది. వినాయక మండపాలకు పోలీసు శాఖ ఆన్‌లైన్‌లో సింగిల్ విండో పెట్టింది కదా, ఏడాది పొడుగునా మైదానాలకూ అదే పద్ధతి పెట్టడానికి అడ్డేమీ లేదు. ఒక ప్రాణం పోయినందుకు సంతాప సభో, హఠాత్తుగా వచ్చిన సమస్య మీద నిరసనో అయితే 30 రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. అలాంటి వాటికి 48 గంటల్లో తేల్చే వేరే వరస ఉండాలి. దానికి సంఖ్య మీద పరిమితి పెట్టుకోవచ్చు.

గడువుల కంటే ముందు క్యాలెండర్ కావాలి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ముందురోజు తొలేళ్ల ఉత్సవం. ఇది ఏ ఏడాదికి ఆ ఏడాది పంచాంగం రాగానే తెలిసిపోయేదే. ఆ వారంలో మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వరకు కాలు పెట్టే సందు ఉండదు. చుట్టుపక్కల మైదానాలన్నీ వాహనాలు నిలపడానికి, వైద్య శిబిరాలకు, పోలీసు బలగాలకు, తాగునీటి ట్యాంకర్లకు కావాలి. కాబట్టి ఆ వారం ఇంకెవరికీ ఇవ్వబోమని జనవరిలోనే ప్రకటించవచ్చు. శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమికీ అంతే, మాఘ శుద్ధ సప్తమి ఎప్పుడొస్తుందో వెతుక్కోనక్కర్లేదు. పోలీసు దేహదారుఢ్య పరీక్షలు, పాఠశాలల క్రీడా పోటీలు, పబ్లిక్ పరీక్షల రోజులు కూడా ఆ క్యాలెండర్‌లో ముందే ఎక్కాలి. ఆ తర్వాత మిగిలిన రోజుల్ని ఇతరులకు ఇవ్వాలి. ఒక మైదానాన్ని ఏడాదిలో 60 రోజులకు మించి ఇవ్వకూడదనీ, ఒక కార్యక్రమానికీ ఇంకోదానికీ మధ్య కనీసం పది రోజులు నేలను వదిలేయాలనీ కౌన్సిల్ తీర్మానం చేస్తే, అడగనివాళ్ల హక్కు కూడా కాగితం మీదికి వస్తుంది. వేసవి సెలవులు మొత్తం ఒక్క ఎగ్జిబిషన్‌కే రాసిచ్చేస్తే పిల్లలు ఆడుకునేదెక్కడ?

ఇక లెక్క విషయం. దరఖాస్తులో ‘అంచనా జనం’ అన్నచోట ‘భారీగా’ అని రాసేవాళ్లున్నారు, ‘సుమారు లక్ష’ అనేవాళ్లూ ఉన్నారు. ఈ గడిని దరఖాస్తుదారు నింపకూడదు, మైదానమే నింపాలి. ఒక ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. అందులో వేదిక, దాని ముందు వదిలే ఖాళీ, నడిచే దారులు, అంబులెన్స్ బాట, నీళ్లూ మరుగుదొడ్లూ పెట్టే చోటు కలిపి మూడో వంతు పైగానే పోతుంది. 35 శాతం తీసేస్తే సుమారు 2,600 చదరపు మీటర్లు మిగులుతాయి. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున వేసుకుంటే ఎకరానికి 5,200 మంది. ఇది ఊపిరి ఆడే లెక్క. చదరపు మీటరుకు అయిదుగురు దాటారంటే మనిషి తన ఇష్టానికి కదలలేడు, గుంపు ఎటు ఊగితే అటు పోవాల్సిందే. కింద పడితే లేవలేడు. వేదిక దగ్గర బారికేడ్ ముందు వరసల్లో ఇదే జరుగుతుంది, వెనక మైదానం సగం ఖాళీగా ఉన్నా సరే. అందుకే మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు. జనాన్ని గడులుగా విడగొట్టి, గడికీ గడికీ మధ్య దారి వదలాలి.

మైదానం విశాలంగా ఉన్నా గేటు ఇరుకైతే ప్రయోజనం లేదు. చదునైన నేల మీద ఒక మీటరు వెడల్పు దారిలో నిమిషానికి దాదాపు 80 మంది నడిచి బయటపడగలరు. ఎనిమిది నిమిషాల్లో అందరూ బయటికి వచ్చేయాలని పెట్టుకుంటే మీటరుకు 640 మంది. మూడు మీటర్ల గేటు ఒకటే ఉంటే 1,920 మందికి మించి సరిపోదు, లోపల ఎకరాలున్నా సరే. 5,200 మందికి ఎనిమిది మీటర్ల పైచిలుకు బయటి దారి కావాలి, అదీ కనీసం రెండు మూడు వైపులా పంచి. ఈ లెక్క వేసి ప్రతి గేటు పక్కనా బోర్డు మీద ‘ఈ మైదానంలో ఒక్కసారి ఇంతమందికే అనుమతి’ అని రాయించవచ్చు. అప్పుడు ఏ పార్టీ వచ్చి అడిగినా, ఏ స్వామీజీ కార్యక్రమమైనా సమాధానం ఒక్కటే.

2025 నవంబరు 1న ఏకాదశి నాడు మన శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో జరిగిన తొక్కిసలాట ఇంకా మరిచిపోయేంత పాతది కాదు. లోపలికి వెళ్లేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ ఒకే దారిలో ఎదురుపడితే ఏమవుతుందో ప్రాణాలు పోయాక చూశాం. అది గుడి, ఇది మైదానం అనుకోవద్దు. సభ ముగిశాక నాయకుడి కాన్వాయ్ కోసం ఒక గేటు మూసేసి, మిగిలిన ఒక్క గేటు నుంచే జనాన్ని పంపితే అదే పరిస్థితి. అనుమతి పత్రంలో ‘కార్యక్రమం జరిగినంతసేపూ, ముగిశాక ఒక గంట వరకూ ఏ గేటుకూ తాళం వేయరాదు, ప్రముఖుల వాహనాలకు వేరే దారి’ అన్న వాక్యం తప్పక ఉండాలి. గేటు దగ్గరే ఐస్‌క్రీం బండ్లు, బొమ్మల దుకాణాలు పెట్టనిస్తే ఆ గేటు వెడల్పు సగానికి పడిపోతుంది. స్వాగత తోరణం కట్టేవాళ్లకు ఒక మాట: అగ్నిమాపక శకటం దూరాలంటే వెడల్పు 4.5 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు ఉండాలి. ఫ్లెక్సీ తోరణాలు చాలావరకు అంత ఎత్తు ఉండవు.

పందిళ్లకు ఐ.ఎస్. 8758 అనే భారతీయ ప్రమాణం ఉంది. కప్పు ఎత్తు 3 మీటర్లకు తగ్గకూడదు. కరెంటు తీగల కింద పందిరి వేయకూడదు. సబ్‌స్టేషన్, రైలు పట్టాల నుంచి కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి. సింథటిక్ గుడ్డలు, సింథటిక్ తాళ్లు వాడరాదు. మన ఊళ్లలో షామియానాల గుడ్డ ఏమిటో చూస్తే ఎంత దూరంలో ఉన్నామో అర్థమవుతుంది. కరెంటు విషయంలో కనీసం మూడు పట్టుకోవాలి: తాత్కాలిక కనెక్షన్ తీసుకున్నారా లేక తీగకు కొక్కెం తగిలించారా, జనరేటర్‌కు ఎర్తింగ్ ఉందా, ప్రతి బోర్డుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) ఉందా. ఈ ఆఖరిది వానలో తడిసిన ఇనుప గుంజ పట్టుకున్నవాడి ప్రాణం కాపాడేది. మైదానంలో వేలాడే అతుకుల వైరు చూసీ సంతకం పెట్టే అధికారి తన పేరు ఆ కాగితం మీద ఉందని గుర్తుంచుకోవాలి.

మన జిల్లాలకు గాలి భయం వేరే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. రెండూ దసరా రోజుల చుట్టుపక్కలే వచ్చాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి తుపాను కాకపోయినా ఎల్‌ఈడీ తెరనూ సౌండ్ బాక్సుల టవర్‌నూ పడగొట్టేస్తుంది. అందువల్ల విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి ఆరెంజ్ హెచ్చరిక వస్తే అనుమతి దానంతటదే ఆగిపోతుందనీ, కట్టిన అద్దె మొత్తం తిరిగి ఇస్తామనీ అనుమతి పత్రంలోనే రాయాలి. అద్దె పోతుందన్న భయం ఉంటే నిర్వాహకులు గాలివానలోనూ కార్యక్రమం నడిపేస్తారు.

నేల గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. జర్మన్ హ్యాంగర్ (లోహపు చట్రం మీద వేసే పెద్ద గుడారం) అయినా షామియానా అయినా దిగేసిన గుంజకు అడుగున్నర నుంచి రెండడుగుల గొయ్యి పడుతుంది. ఊడదీసేటప్పుడు కూలీలు పక్కనున్న చెత్త, ఇటుక ముక్కలు, కప్పుల ముద్ద అందులోకి తోసి పైన మట్టి కప్పి వెళ్లిపోతారు. పైకి బాగానే కనబడుతుంది. మొదటి వాన పడగానే లోపలిది కుంగి అరచేయంత గుంట తేలుతుంది, గడ్డి దాన్ని కప్పేస్తుంది. తెల్లవారుజామున చీకట్లో పరుగెత్తే కుర్రాడి మడమ అందులో పడితే ఆ ఏడాది అతని ఎంపిక పరీక్ష పోయినట్టే. గొయ్యి పూడ్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు. చెత్త అంతా తీసేసి, తవ్విన మట్టినే ఆరంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరకూ నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాలి. చివర రెండంగుళాలు ఎత్తుగా వదిలితే వానకు కుంగి సమానమవుతుంది. మేకులు, బైండింగ్ తీగ ముక్కలు ఏరడానికి అయస్కాంతం కట్టిన చక్రాల బండి ఒకటి మునిసిపాలిటీ కొని పెట్టుకుంటే అన్ని మైదానాలకూ సరిపోతుంది. లారీలు, క్రేన్లు లోపలికి రావాలంటే ఇనుప పలకలు పరచుకుని రావాలి. వాన పడ్డాక 48 గంటల వరకు అసలు రానివ్వకూడదు. మడమతో గట్టిగా తొక్కితే ముద్ర అరంగుళం దిగిందంటే నేల ఇంకా బండిని మోయదని అర్థం. జెయింట్ వీల్ దిమ్మెలకు కాంక్రీటు పోస్తే అది తీసేసే ఖర్చు ముందే కట్టించుకోవాలి. అద్దె కన్నా ఆ ఖర్చే ఎక్కువయ్యే సందర్భాలున్నాయి.

డిపాజిట్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ చిన్న సభకూ పెద్ద ప్రదర్శనకూ ఒకే మొత్తం. వెనక్కి ఇచ్చేటప్పుడు నేల చూసినవాళ్లుండరు, లేదా చూశామంటూ నెలల తరబడి తిప్పుతారు. మైదానం అప్పగించే రోజు మునిసిపల్ ఏఈ, నిర్వాహకుడు కలిసి నాలుగు మూలలూ, మధ్యలో పిచ్, గేట్లు, కాలువ మూతలు ఫోటో తీసి, తేదీతో కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. కార్యక్రమం ముగిసిన 48 గంటల్లో అవే చోట్ల మళ్లీ ఫోటోలు. తేడా ఉంటే ఎంత కోత పడిందో పద్దు రాసి, మిగిలింది ఏడు పనిదినాల్లో ఖాతాలో వేయాలి. అధికార పార్టీ సభ అయినా ప్రభుత్వ కార్యక్రమమైనా ఈ సంతకాల కాగితం తప్పకూడదు. ప్రభుత్వ కార్యక్రమాలకు డిపాజిట్ ఉండదు కాబట్టి వాటి తర్వాతే నేల ఎక్కువ పాడై ఉంటుందని ఇంజినీరింగ్ సిబ్బందికి బాగా తెలుసు.

చెత్త విషయంలో కొత్త నిబంధన ఏదీ అక్కర్లేదు. వందమందికి మించిన కార్యక్రమానికి కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలనీ, చెత్తను వేరు చేసి అప్పగించే బాధ్యత నిర్వాహకుడిదేననీ 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు. నీళ్లకు మనిషికి రెండు లీటర్లు వేసుకుంటే అయిదు వేల మందికి అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు కావాలి. మరుగుదొడ్లు ఆడవాళ్లకు వందమందికి ఒకటైనా ఉండాలి. ఇది రాయకపోతే ఆడవాళ్లు సభకు వచ్చే ముందు నీళ్లు తాగడం మానేస్తారు, ఎండకు సొమ్మసిల్లి పడిపోయేది వాళ్లే.

మైకు మీద చట్టం స్పష్టంగా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్ కూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలించవచ్చు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, మైదానం సరిహద్దు దగ్గర మైకు మోత దానికన్నా 10 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు, అంటే 65. ఆసుపత్రి, బడి, కోర్టుకు వంద మీటర్ల లోపు జాగాను ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. ఇది అమలు కావాలంటే కొలిచే పరికరం మైదానం గోడ దగ్గర ఉండాలి, వేదిక దగ్గర కాదు. బాక్సుల దిశను ఇళ్ల వైపు కాకుండా లోపలికి తిప్పి, ఒకే చోట పెద్ద గుట్టగా పేర్చే బదులు చిన్నవి ఎక్కువ చోట్ల పెడితే అదే మాట అందరికీ వినబడుతుంది, గోడ అవతల మోత తగ్గుతుంది. సౌండ్ సిస్టం యజమానులకు ఇది తెలియని విషయం కాదు, నిర్వాహకుడు అడగాలి, అంతే.

దీపావళి దుకాణాల సంగతి వేరుగా చూడాలి. 2008 పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం తాత్కాలిక షెడ్లు మండని సామగ్రితో కట్టాలి, ఒకదానికొకటి 3 మీటర్ల దూరం, ఇతర కట్టడాలకు 50 మీటర్ల దూరం, ఎదురెదురుగా ఉండకూడదు, ఒక సముదాయంలో 50 కి మించకూడదు. 2022 అక్టోబరు 23న విజయవాడ జింఖానా మైదానంలో టపాసుల దుకాణాలు అంటుకుని ఇద్దరు చనిపోయారు. చుట్టూ ఇళ్లున్న మైదానంలో 50 మీటర్ల గీత గీస్తే లోపల ఎన్ని షెడ్లకు చోటు మిగులుతుందో నక్షా మీద కొలిచి, ఆ సంఖ్యకే లాటరీ తీయాలి. వచ్చిన దరఖాస్తుల సంఖ్యను బట్టి షెడ్లు పెంచుకుంటూ పోతే ముందుగా పోయేది ఆ 3 మీటర్ల ఎడమే.

చివరిగా, అనుమతి నిరాకరించే విషయం. శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. 1972లో హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు, ఏ మార్గదర్శకాలూ లేకుండా సభలకు అనుమతి నిరాకరించే అధికారం పోలీసు అధికారికి ఇచ్చిన నియమాన్ని కొట్టేసింది. మన రాష్ట్రంలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న వచ్చిన జీవో నంబరు 1 కూడా అదే ఏడాది మే నెలలో హైకోర్టులో నిలబడలేదు. రోడ్డు మీద వద్దనాలంటే మైదానం ఇవ్వగలగాలి. ‘శాంతిభద్రతల దృష్ట్యా’ అన్న రెండు ముక్కలు కారణం కాదు. గేట్ల వెడల్పు చాలదు, అదే రోజు ఇంకో కార్యక్రమం ఉంది, నేల తడిగా ఉంది, ఆసుపత్రి దగ్గర ఉంది: ఇలా కొలిచి చూపించగలిగేది రాయాలి. పూర్తిగా కాదనే ముందు తేదీ మార్చి, సంఖ్య తగ్గించి, సమయం కుదించి ఇవ్వవచ్చేమో చూడాలి. నిర్ణయం వల్ల నష్టపోయినవారికి కారణాలు తెలపాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది, అడిగేదాకా ఆగనక్కర్లేదు. కాదన్న కాగితం కార్యక్రమానికి పది రోజుల ముందే చేతికి రావాలి, పై అధికారికి చెప్పుకోవడానికి వ్యవధి ఉండాలి కదా. ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా, మైదానాలను అధికారంలో ఉన్న పార్టీ గుత్తకు తీసుకోరాదనీ మిగతావారికీ అవే షరతుల మీద ఇవ్వాలనీ చెబుతోంది. ఎన్నికలప్పుడు సాధ్యమైంది మిగతా రోజుల్లో ఎందుకు కాదు?

రెండు నగరాల కమిషనర్లూ ముందుగా ఒక పని చేయాలని కోరుతున్నాం. తమ పరిధిలోని ప్రతి మైదానానికి ఒక పేజీ తయారు చేయించండి: యజమాని ఎవరు, విస్తీర్ణం, వాడుకోగల జాగా, గేట్ల వెడల్పు, ఒక్కసారి పట్టే జనం, వంద మీటర్ల లోపు ఆసుపత్రులూ బడులూ, రోజు అద్దె, డిపాజిట్, ఏడాదిలో ఇచ్చిన రోజులు, ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఎందుకు కాదన్నారు. టేపు పట్టుకుని ఇద్దరు వెళితే ఒక మైదానం కొలత ఒక పూట పని. ఆ పేజీ గేటు దగ్గరా, వార్డు సచివాలయంలోనూ అంటించండి. వచ్చిన అద్దెలో సగమైనా ఆ మైదానం మట్టికీ లైట్లకూ మరుగుదొడ్లకూ విడిగా ఖాతా తెరిచి ఖర్చు చేయండి. వచ్చే దసరా దరఖాస్తులు మొదలయ్యేలోగా ఈ తీర్మానం కౌన్సిల్ ఎజెండాలోకి రావాలి.

ఇట్లు,
మునిసిపల్ రెవెన్యూ, ఇంజినీరింగ్ విభాగాల విశ్రాంత ఉద్యోగులు,
విజయనగరం